కేడీసీ101 మోటార్ కంట్రోలర్, దాని ట్రిగ్గర్ పల్సులు: ఏడాది వాడిన తరువాత

మా ప్రయోగశాలలోని టెరాహెర్ట్జ్ స్పెక్ట్రోమీటర్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్ పుంజాన్ని రెండు పాయలుగా చీల్చి, అందులో ఒక పాయను మోటార్ స్టేజ్ (మోటారుతో ముందుకూ వెనక్కూ జరిగే పలక) మీద బిగించిన రెట్రోరిఫ్లెక్టర్ (కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే అద్దం) మీదుగా పంపుతాము. రిఫ్లెక్టర్ ఒక మైక్రాన్ వెనక్కి జరిగితే కాంతి పోయి రావడానికి రెండు మైక్రాన్ల దారి ఎక్కువవుతుంది, అంటే 6.67 ఫెమ్టోసెకండ్ల ఆలస్యం. ఇంత చిన్న కాలాన్ని నేరుగా కొలిచే గడియారం మా దగ్గర లేదు కనుక, స్టేజ్ ఎక్కడ ఉన్నదో తెలియడమే ఇక్కడ సమయం తెలియడం. లాక్-ఇన్ యాంప్లిఫయర్ (రొదలోంచి బలహీనమైన సంకేతాన్ని ఏరి పెద్దది చేసే పరికరం) ఇచ్చే వోల్టేజీని ఏ స్థానంలో చదివామో పొరపడితే, చివరికి వచ్చే స్పెక్ట్రమ్‌లో ఏ గీతా దాని చోట ఉండదు.

ఈ పని కోసం మేము తీసుకున్నవి మూడు: థోర్‌ల్యాబ్స్ వారి ఎమ్‌టీఎస్50-జెడ్8 అనే 50 మిల్లీమీటర్ల స్టేజ్, దాన్ని నడిపే కేడీసీ101 అనే సర్వో కంట్రోలర్, వోల్టేజీ చదవడానికి నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి యూఎస్‌బీ-6211 డాక్ (డేటా సేకరణ) కార్డు. ఈ సమీక్ష ప్రధానంగా కంట్రోలర్ వెలుపలికి పంపే ట్రిగ్గర్ పల్సుల గురించే. స్టేజ్ నునుపుగా నడుస్తుందా, డబ్బా అందంగా ఉందా అన్న సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. పల్సులను డాక్ కార్డుకు కలిపి నమ్మదగిన డేటా తీయడం ఎలా అన్నది మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంతకు ముందు మేము స్టేజ్‌ను ఆపుతూ, చదువుతూ, మళ్ళీ కదుపుతూ స్కాన్ చేసేవాళ్ళం. ఒక్కో బిందువు దగ్గర స్టేజ్ కదిలి, నిలకడకు వచ్చి, లాక్-ఇన్ తేరుకోవడానికి సుమారు 0.4 సెకండ్లు పట్టేది. ఎనిమిది వేల బిందువుల స్కాన్‌కు యాభై మూడు నిమిషాలు. ఆ లోపల లేజర్ శక్తి అటూ ఇటూ జరిగేది, ఏసీ ఒకసారి ఆగి మళ్ళీ వచ్చేది, స్కాన్ మొదటి సగానికీ చివరి సగానికీ పొంతన ఉండేది కాదు. తరువాత స్టేజ్‌ను ఆపకుండా నడుపుతూ, కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ మీదుగా స్థానాన్ని అడుగుతూ, ఆ వెంటనే వోల్టేజీని చదివి చూశాము. సెకండుకు ఒక మిల్లీమీటర్ వేగంతో పోతున్న స్టేజ్ విషయంలో, విండోస్ ఒక ప్రశ్నకు జవాబు తేవడంలో 20 మిల్లీసెకండ్లు అటూ ఇటూ అయితే స్థానం 20 మైక్రాన్లు తప్పుతుంది. పైగా ఆ తప్పు ప్రతిసారీ ఒకేలా ఉండదు, కనుక దిద్దుకోవడానికీ వీలుండదు.

కేడీసీ101 అరచేతిలో పట్టేంత పెట్టె. పైవైపు ఒక చిన్న తెర, వేలితో తిప్పే చక్రం ఉంటాయి. ట్రిగ్గర్ 1, ట్రిగ్గర్ 2 అని రెండు ఎస్‌ఎమ్‌ఏ కనెక్టర్లు ఉంటాయి. ఈ రెండింటిలో దేన్నయినా 5 వోల్టుల టీటీఎల్ (ఒక రకం డిజిటల్ సంకేతం) ఇన్‌పుట్‌గానో అవుట్‌పుట్‌గానో పెట్టుకోవచ్చు. ఇన్‌పుట్‌గా పెడితే బయటి పల్సు వచ్చినప్పుడు స్టేజ్ కదులుతుంది. అవుట్‌పుట్‌గా పెడితే ‘కదులుతున్నాను’, ‘పూర్తి వేగం అందుకున్నాను’ వంటి సంకేతాలనైనా ఇస్తుంది, లేదా నిర్ణీత దూరానికి ఒకటి చొప్పున పల్సులనైనా పంపుతుంది. మాకు కావలసింది ఈ చివరిదే. ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో లెక్కించే భాగం) కౌంటు అనుకున్న విలువను దాటగానే కంట్రోలర్ ఒక పల్సు ఇస్తుంది. డాక్ కార్డు ఆ పల్సు వచ్చినప్పుడే ఒక శాంపిల్ తీసుకుంటుంది. మధ్యలో కంప్యూటర్‌తో పని లేదు. స్టేజ్ వేగం కాస్త పెరిగినా తగ్గినా శాంపిళ్ల మధ్య దూరం మారదు.

థోర్‌ల్యాబ్స్ వారి కైనసిస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పల్సుల కోసం నింపవలసిన గళ్ళు కొన్నే: ముందుకు పోయేటప్పుడు మొదలయ్యే స్థానం, పల్సుకూ పల్సుకూ మధ్య దూరం, పల్సుల సంఖ్య, వెనక్కి వచ్చేటప్పటికి విడిగా మళ్ళీ అవే మూడు, ఆపైన పల్సు వెడల్పు, ఎన్ని విడతలు అన్నది. పైథాన్ వాడేవారికి పైలాబ్‌లిబ్ అనే లైబ్రరీలో ఈ అమరికలన్నిటికీ సిద్ధంగా ఫంక్షన్లు ఉన్నాయి. మేము చివరికి దానికే అలవాటు పడ్డాము. రెండు దిక్కులకూ విడి అమరికలు ఇవ్వడం మొదట అనవసరమనిపించింది. తరువాత దాని విలువ తెలిసింది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. ఈ స్టేజ్‌లో ఎన్‌కోడర్ మోటార్ ఇరుసుకు ఉంటుంది: ఒక చుట్టుకు 512 కౌంట్లు, ఆపైన సుమారు 67.5కు ఒకటి తగ్గించే గేర్‌బాక్స్, చుట్టుకు ఒక మిల్లీమీటర్ జరిపే లీడ్‌స్క్రూ. వెరసి మిల్లీమీటర్‌కు 34,555 కౌంట్లు, అంటే కౌంటుకు దాదాపు 29 నానోమీటర్లు. తెరమీద మనం 5 మైక్రాన్లు అని టైపు చేస్తాము. కంట్రోలర్‌కు చేరేది మాత్రం పూర్ణసంఖ్యలో కౌంట్లే. 5 మైక్రాన్లకు 172.775 కౌంట్లు వస్తాయి. అది 173 అవుతుంది. అంటే నిజమైన అంగ 5.0065 మైక్రాన్లు. ఒక్క అంగలో ఇది వెంట్రుకవాసి తేడా కూడా కాదు, కానీ ఎనిమిది వేల అంగలకు 52 మైక్రాన్లు పోగవుతుంది. ఫ్రీక్వెన్సీ అక్షం మీద 0.13 శాతం తప్పు.

ఈ తప్పును మాకు పట్టి ఇచ్చింది హైదరాబాద్ వానాకాలం. గాలిలోని నీటి ఆవిరి 0.557, 0.752, 0.988, 1.097, 1.163 టెరాహెర్ట్జ్‌ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. శ్రద్ధగల ప్రయోగశాలల్లో పెట్టెలోకి పొడి నైట్రోజన్ నింపి ఈ గీతలు లేకుండా చేస్తారు. ఆ రోజు సిలిండర్ ఖాళీ అయినందున మేము మామూలు గాలిలోనే స్కాన్ చేశాము. గీతలు చక్కగా వచ్చాయి, కానీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పుస్తకంలోని స్థానాల నుంచి పైకి జరుగుతూ పోయాయి, 1.163 దగ్గరిది ఒకటిన్నర గిగాహెర్ట్జ్ ఎక్కువగా కనబడింది. అన్నీ ఒకే నిష్పత్తిలో జరిగాయి కనుక అది అంగ పొడవులోని తప్పేనని తేలింది. అప్పటి నుంచి అంగను మైక్రాన్లలో ఇవ్వడం మానేసి, నేరుగా 173 కౌంట్లు అని ఇచ్చి, లెక్కల్లో 5.0065 మైక్రాన్లు వాడుతున్నాము. స్టేజ్ కొలతను సరిచూసుకోవడానికి ఇంతకన్నా చౌకైన మార్గం నాకు తెలియదు. టెరాహెర్ట్జ్ పని చేసేవారు నైట్రోజన్ నింపే ముందు ఒక స్కాన్ తడిగాలిలో తీసి పెట్టుకోవడం మంచిది.

ఇక తీగల సంగతి. ట్రిగ్గర్ 1 నుంచి ఎస్‌ఎమ్‌ఏ-బీఎన్‌సీ తీగతో యూఎస్‌బీ-6211 మీది పీఎఫ్‌ఐ 0 అనే డిజిటల్ ఇన్‌పుట్‌కు కలపాలి, తీగ పైతొడుగును డిజిటల్ గ్రౌండ్‌కు కలపాలి. రెండో మాట మొదటిరోజు నేను మరిచిపోయాను, ఫలితం అనుభవించాను. అంతకన్నా ఎక్కువ ఏడిపించింది తీగ పొడవు. మూలన పడి ఉన్న మూడు మీటర్ల తీగను తీసుకుని, టెరాహెర్ట్జ్ తరంగాలను పుట్టించే యాంటెన్నాకు వోల్టేజీ ఇచ్చే తీగ పక్కనే పరిచి స్కాన్ మొదలుపెట్టాను. స్టేజ్ ఇంకా 36 మిల్లీమీటర్ల దగ్గర ఉండగానే ఎనిమిది వేల శాంపిళ్లూ నిండిపోయాయి. నలభై మిల్లీమీటర్లకు సరిపోవలసినవి ముందే ఎలా నిండాయో అంతుబట్టలేదు. కంట్రోలర్ పల్సులు ఎక్కువ ఇస్తున్నదేమోనని ఒక పూటంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టు దాని అమరికలనే మార్చి మార్చి చూశాను. చివరికి డేటాను వరుసగా ముద్రించి చూస్తే, అక్కడక్కడా పక్కపక్క విలువలు రెండు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఆసిల్లోస్కోప్ పెట్టి చూస్తే పల్సు అంచు ఒక్క గీతగా లేదు. చివర తగిన నిరోధం లేని పొడవాటి తీగలో సంకేతం వెనక్కి కొట్టుకుని, అంచు రెండు మూడు సార్లు ఊగుతోంది. డాక్ కార్డు ఒక్కోసారి ఆ ఊపును కూడా పల్సుగా లెక్కించింది.

మందు తేలికైనదే. తీగను అర మీటరుకు తగ్గించి, మొదట్లో 50 ఓముల నిరోధాన్ని వరుసలో పెట్టాము. డాక్ కార్డులోని పీఎఫ్‌ఐ డిజిటల్ ఫిల్టర్‌ను కూడా ఆన్ చేశాము. ఈ తరగతి కార్డుల్లో ఫిల్టర్‌కు 125 నానోసెకండ్లు, 6.425 మైక్రోసెకండ్లు, 2.56 మిల్లీసెకండ్లు అని మూడు స్థాయిలు ఉంటాయి. పల్సు వెడల్పును 50 మైక్రోసెకండ్లుగా పెట్టి, నడిమి స్థాయిని ఎంచుకుంటే ఊపులు పోతాయి, పల్సులు మిగులుతాయి. మూడోది ఎంచుకుంటే పల్సు ఒక్కటి కూడా లోపలికి రాదు, ఎందుకంటే 50 మైక్రోసెకండ్ల పల్సు దాని దృష్టిలో రొద మాత్రమే. పల్సు ఎక్కే అంచును కాక దిగే అంచును పట్టుకుంటే ఏమవుతుందని ఒక విద్యార్థి అడిగాడు. సెకండుకు మిల్లీమీటర్ వేగంలో 50 మైక్రోసెకండ్లకు 0.05 మైక్రాన్ తేడా. దానికి నిద్ర చెడగొట్టుకోనక్కర లేదు.

యూఎస్‌బీ-6211 గురించి నాకు ఫిర్యాదు లేదు. 16 బిట్లు, సెకండుకు రెండున్నర లక్షల శాంపిళ్ల దాకా వేగం. మేము వాడేది సెకండుకు రెండు వందలే కనుక అది పులికి మేక పని చెప్పడం. బయటి పల్సును శాంపిల్ క్లాక్‌గా ఇచ్చినప్పుడు ప్రోగ్రామ్‌లో వేగం అడిగే చోట, రాగల గరిష్ఠ వేగం ఎంతో అంచనాగా రాయాలి. మేము 1,000 అని రాస్తాము. చదివే ఫంక్షన్‌కు ముందుగా ఉండే గడువు 10 సెకండ్లు; మా స్కాన్‌కు నలభై సెకండ్లు పడుతుంది కనుక దాన్ని పెంచకపోతే -200284 అనే సంఖ్యతో తప్పు చూపి ఆగిపోతుంది. ఆ సంఖ్య కనబడితే పల్సులు రావడం లేదనే అనుకోనక్కరలేదు, గడువు చాలలేదేమో ముందు చూసుకోవాలి. ఒక పల్సు తక్కువైనా ఇదే తప్పు వస్తుంది, కనుక పల్సుల సంఖ్యా శాంపిళ్ల సంఖ్యా ఒకటేనా అని కూడా చూడాలి. నలభై మిల్లీమీటర్లలో ఎనిమిది వేల అంగలు ఉంటే వాటి హద్దులు 8,001; కంచెకు గుంజలు లెక్కపెట్టేవారికి ఈ ఒక్కటి తేడా తెలిసినదే.

కార్డులో 80 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే 32 బిట్ల కౌంటర్లు రెండు ఉన్నాయి. అదే పల్సును ఒక కౌంటర్‌కు కూడా ఇచ్చి పల్సుకూ పల్సుకూ మధ్య కాలాన్ని రాసుకున్నాము. సగటున 5 మిల్లీసెకండ్లు వచ్చింది, కానీ దాని మీద ఒక మిల్లీమీటర్‌కు ఒకసారి తిరిగి వచ్చే చిన్న అల కనబడింది. లీడ్‌స్క్రూ ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటర్. ఆ చుట్టే ఈ అల. వేగంలో ఇలాంటి ఎగుడుదిగుడు ఏ స్క్రూ స్టేజ్‌కైనా ఉండేదే. గడియారం లెక్కన శాంపిళ్లు తీసుకుని ఉంటే ఇది స్పెక్ట్రమ్‌లో దొంగ గీతలుగా దిగి ఉండేది. దూరం లెక్కన తీసుకున్నందువల్ల దాని ఊసే లేదు. ట్రిగ్గర్ పల్సుల విలువ ఏమిటో నాకు మాటల్లో కాక కళ్ళకు కట్టినది ఆ ఒక్క గ్రాఫే.

అయితే పల్సులు కలిపేస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ముందుకు పోతూ తీసిన స్కాన్‌నూ వెనక్కి వస్తూ తీసిన స్కాన్‌నూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే, టెరాహెర్ట్జ్ పల్సు శిఖరం రెండింటిలో 28 మైక్రాన్ల ఎడంగా ఉంది. కాలంలో చెప్పాలంటే దాదాపు 187 ఫెమ్టోసెకండ్లు. చూడగానే అందరమూ గేర్ల సందు వల్ల వచ్చే బ్యాక్‌లాష్ అనే అన్నాము; ఎన్‌కోడర్ మోటార్ వైపు ఉంది కనుక స్క్రూలోని సందు దానికి తెలియదు, అందువల్ల ఆ అనుమానం సహేతుకమే. కానీ అంత సందు ఉంటుందా అని సందేహించి, వేగాన్ని మార్చి చూశాము. సెకండుకు అర మిల్లీమీటర్ వేగంతో నడిపితే ఎడం 16 మైక్రాన్లు, రెండు మిల్లీమీటర్ల వేగంతో 52 మైక్రాన్లు వచ్చింది. గేర్ల సందు వేగాన్ని బట్టి మారదు. ఆలస్యమే మారుతుంది.

దోషి లాక్-ఇన్ యాంప్లిఫయర్ అమరిక. మేము వాడేది స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ వారి ఎస్‌ఆర్830. దాని కాలస్థిరాంకాన్ని 3 మిల్లీసెకండ్లకూ వాలును ఆక్టేవ్‌కు 24 డెసిబెళ్లకూ పెట్టాము. ఆ వాలు అంటే ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు ఫిల్టర్లు; ఒక్కోటి 3 మిల్లీసెకండ్లు వెనుకబడితే మొత్తం 12 మిల్లీసెకండ్లు. పల్సు సరైన స్థానంలోనే వస్తుంది, డాక్ కార్డు సరైన క్షణంలోనే చదువుతుంది, కానీ ఆ క్షణంలో లాక్-ఇన్ అవుట్‌పుట్‌లో ఉన్న వోల్టేజీ 12 మిల్లీసెకండ్ల కిందటిది. సెకండుకు మిల్లీమీటర్ వేగంలో అది 12 మైక్రాన్ల వెనకటి కబురు. ముందుకు పోయేటప్పుడు శిఖరం 12 మైక్రాన్లు అటు, వెనక్కి వచ్చేటప్పుడు 12 మైక్రాన్లు ఇటు, కలిపి 24. మిగిలిన 4 మైక్రాన్లే అసలు బ్యాక్‌లాష్. మూడు వేగాల అంకెలనూ గ్రాఫ్ మీద పెట్టి గీత గీస్తే, వేగం సున్నా అయిన చోట సరిగ్గా ఆ నాలుగే మిగిలింది. ఈ తరహా స్టేజ్‌కు అది సహజం, నేను దాన్ని లోపమని అనను.

దీనికి మేము రెండు విధాల సర్దుబాటు చేసుకున్నాము. మామూలు రోజుల్లో ముందుకు పోయేటప్పుడే చదివి, వెనక్కి పల్సులు లేకుండా వేగంగా తెచ్చేస్తాము. హడావుడిగా సగటు తీయవలసి వచ్చినప్పుడు రెండు వైపులా చదివి, వెనకటి దిక్కు మొదలయ్యే స్థానాన్ని 28 మైక్రాన్లు జరిపి పెడతాము. ముందు చెప్పిన విడివిడి గళ్ళు ఇక్కడ పనికొచ్చాయి. ఈ జరుపు అంకె ఆ వేగానికీ ఆ ఫిల్టర్ అమరికకే చెల్లుతుంది. వీటిలో ఏది మార్చినా మళ్ళీ కొలవాలి. ఇంకొకటి: ఆలస్యాన్ని ఒక స్థిరమైన దూరంగా దిద్దగలిగేది వేగం స్థిరంగా ఉన్నంతవరకే. అందుకని మొదటి పల్సు వచ్చేలోగా స్టేజ్ పూర్తి వేగం అందుకుని ఉండాలి. సెకండుకు మిల్లీమీటర్ వేగం అందుకోవడానికి, త్వరణం సెకండు వర్గానికి 1.5 మిల్లీమీటర్లు అయితే, మూడో వంతు మిల్లీమీటర్ పరుగు కావాలి. మేము ఒక మిల్లీమీటర్ వదిలేస్తాము. ‘దూరం లెక్కన చదువుతున్నాం కదా, వేగంతో మనకేం పని’ అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది.

ఈ కంట్రోలర్ ఎవరికి సరిపోతుంది, ఎవరికి చాలదు అన్న ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. ఒకే అక్షం, సెకండుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల వేగం, కొన్ని వందల హెర్ట్జ్ పల్సులు: డిలే లైన్లకూ, పుంజం వెడల్పు కొలిచే కత్తిఅంచు స్కాన్లకూ, లేజర్ పల్సు నిడివి కొలిచే ఆటోకోరిలేటర్లకూ ఇది పుష్కలం. రెండు మూడు అక్షాలు కలిసి వంపు దారిలో నడుస్తూ ఆ దారి పొడవునా సమదూరంలో పల్సులు కావాలంటే దీనితో కాదు. ఇది తన ఒక్క అక్షాన్నే చూస్తుంది. ఏరోటెక్ వారు పీఎస్‌ఓ అని, న్యూపోర్ట్ వారు ఎక్స్‌పీఎస్ కంట్రోలర్‌లో పొజిషన్ కంపేర్ అని ఇచ్చేవి పై తరగతి సరుకు, ధర కూడా ఆ తరగతిదే. స్టేజ్ పైన కూర్చున్న వస్తువు స్థానమే మైక్రాన్ లోపల తెలియాలంటే ఏ కంట్రోలర్ కొన్నారన్నదానికన్నా ఎన్‌కోడర్ ఎక్కడ ఉందన్నది ముఖ్యం: మోటార్ వెనుక ఉన్న ఎన్‌కోడర్ ఇచ్చే పల్సు మోటార్ సంగతి చెబుతుంది, కదిలే పలకకు అతికించిన గాజు స్కేలు ఇచ్చే పల్సు పలక సంగతి చెబుతుంది. పరారుణ ఫూరియర్ స్పెక్ట్రోమీటర్ల తయారీదారులు ఎన్‌కోడర్‌నే నమ్ముకోకుండా, 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్‌ను అదే అద్దాల మీదుగా పంపి, దాని చారలు సున్నాను దాటినప్పుడల్లా శాంపిల్ తీసేది ఇందుకే. మా తరంగదైర్ఘ్యాలు వందల మైక్రాన్లు కనుక మాకు అంత అవసరం పడలేదు.

కొనేవారికి ఒక్క హెచ్చరిక. కేడీసీ101తో పవర్ సప్లై రాదు, విడిగా కొనాలి. మాకు సరుకు తెప్పించిన డీలర్ కొటేషన్‌లో ఆ వరుస లేదు; మేమూ గమనించలేదు. స్టేజ్, కంట్రోలర్, తీగలు అన్నీ వచ్చి బల్ల మీద కూర్చున్నాయి, సప్లై కోసం మళ్ళీ ఇండెంట్ పెట్టి, మూడు సంతకాలు చేయించి, మొదటి పల్సు చూడటానికి ఆరు వారాలు ఆగవలసి వచ్చింది. ఎస్‌ఎమ్‌ఏ-బీఎన్‌సీ తీగలు కూడా అదే ఆర్డర్‌లో రాయించండి, అర మీటరువే.